ఎడమకు తిరిగిన వడిసెల

చిల్కాపాటా,
కార్నివాల్‌కు ముందు ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి ఫెలీసాను అమ్మ నికోలాసా మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఉత్తరమన్నాక రాయాలి కాబట్టి రాసిన మాటనుకునేవు. అందరం అంటే అందరం, మీ నాన్నతో సహా. ఇదిగో నా ఎదురుగా పొయ్యి పక్కన కూర్చుని, చారులో ఉప్పు చాల్లేదని గొణుగుతున్నాడు. పోయినవాడెవడైనా ఉప్పు కోసం గొణుగుతాడా తల్లీ? ముందు ఆ నల్లబట్టలు విప్పెయ్. డొనాటో లారీ ఎక్కకు. ఎక్కావంటే నామీద ఒట్టే. కాస్త ఏదైనా తిని, వేడిగా ఇంత తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుని మిగతాది చదువు.

నీ ఉత్తరం డొనాటో నిన్న సంతలో నా చేతికిచ్చాడు. ఉల్లిపాయల బుట్ట పక్కన నిలబడే విప్పాను. "అమ్మా, నాన్న ఎప్పుడు పోయాడు? ఒక్క మాట రాయకుండా వడిసెల మాత్రం పంపావు. నన్నెందుకు పిలవలేదు? వచ్చే లారీకి బయల్దేరుతున్నాను" అని నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. కింద అల్లుడు రాసిన రెండు మాటలూ చదివాను. అన్నం ముట్టడం లేదట, గోడకు తల ఆనించి కూర్చుంటున్నావట, వద్దంటే వినడం లేదట. పాపం ఎలియాస్, చేపల పడవ మీద ఎంత తుఫానొచ్చినా బెదరడు గానీ నీ ఏడుపుకి బెదిరిపోయినట్టున్నాడు.

నువ్వు పొరపాటు పడ్డావని నేననను. మన కొండమీద పుట్టిన ఏ బిడ్డయినా అలాగే అనుకుంటుంది. దూరాన ఉన్న బిడ్డకు చావు కబురు మనం నోటితో చెప్పం, కాగితం మీద పెట్టం. పోయినవాడి గుండెలమీద ఎడమకు తిరిగిన వడిసెల ఒకటి పెడతాం, దాని జత మూటగట్టి బిడ్డకు పంపుతాం. విప్పి చూసిన బిడ్డకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. నేను పంపిన మూట విప్పి, తాడు అల్లికలోని తెల్ల కన్నులు ఎడమ పక్కగా చుట్టుకుంటూ ఎక్కడం చూసి నీ గుండె ఎంత కొట్టుకుందో తలుచుకుంటే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తోంది. నీ బిడ్డ ఉయ్యాలకు కట్టమని తాత పంపే వడిసెల అది. నీ బిడ్డకోసమే పంపాను, ఇంకెందుకూ కాదు.

రెండేళ్ళ కిందట పండక్కని ఆ లారీలోనే వచ్చావు. ఆ కుదుపులకి కనుమ దగ్గర ఏం పోగొట్టుకున్నామో నీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. ఇప్పుడు నీకు ఎనిమిదో నెల. వానలకి దారి ఇంకా పాడైంది. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను, నువ్వు ఇంట్లోంచి కదలకుండా ఉండాలని. అది ఎడమకెందుకు తిరిగిందో చెప్తాను. కానీ కాస్త ఆగు. ముందు మామూలు సంగతులు రాయనీ.

నువ్వు ముందటి ఉత్తరంలో అడిగిన తెల్ల అల్పాకా ఈనింది. పిల్ల కూడా తెల్లదే, చెవులు మాత్రం కాలిన రొట్టె రంగు. రోజంతా తల్లి కడుపుకింద దూరి ఉంటుంది. అల్లుడు పంపిన ఎండు చేపలు అందాయి. సంచి విప్పగానే మన కుక్క వచ్చి గడపలో పడుకుంది, తరిమినా లేవలేదు. సముద్రపు నాచు చారులో వేశాను. మీ నాన్న మొదట "ఇదేందే, చెప్పు తోలా?" అన్నాడు. తర్వాత గిన్నె నాకేశాడు. బసిలియా అత్త మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. సంతకు పోవాలంటే నొప్పి ఉండదు, మన కంచెకి రాళ్ళు పేర్చడానికి రమ్మంటే నొప్పి. కడుపు కిందికి దిగినట్టుంటే ఏం చెయ్యాలని అడిగావు. ఏమీ చెయ్యొద్దు. ఎడమపక్కకి తిరిగి పడుకో, బరువులెత్తకు, కొత్త నూలు వడకడానికి కూర్చోకు.

ఇక నువ్వు అడుగుతూనే ఉన్న ప్రశ్న ఒకటుంది. "ఉత్తరాలన్నీ ఈమధ్య నీ కోడిగీతల్లోనే వస్తున్నాయేం, నాన్న రాయడం మానేశాడా?" అని. మేతకి మందతో పోయాడని ఒకసారి, పక్క ఊరికి పోయాడని ఒకసారి రాశాను. అవన్నీ అబద్ధాలు ఫెలీసా. మీ నాన్న రాయలేడు. ఉన్ని కత్తిరించే రోజుల్లో, చెమటతో ఒళ్ళంతా తడిసి ఉండగా పాకలోంచి బయటికొచ్చాడు, ఎదురుగాలి కొట్టింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది, కుడిచెయ్యి వేలాడిపోయింది. గాలి సోకిందని మందులామె ఆకులు కాచి కాపడం పెట్టింది. కింది ఊరినుంచి డాక్టర్ని తెచ్చి చూపించాం. మూతి చక్కబడింది, మాట తిరిగొచ్చింది, కాలు కాస్త ఈడ్చినా నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం రాలేదు. ఆ పక్క కన్ను కూడా మసకబారింది.

నీకు రాయొద్దని నేనే అన్నాను. వింటే వెంటనే బయల్దేరతావని నాకు తెలుసు. మంచికే చేశాననుకున్నాను. చూడు, ఆ మంచి ఎక్కడికొచ్చిందో.

ఇప్పుడు వడిసెల సంగతి. నీకు నెల తప్పిందని తెలిసిన రోజే మీ నాన్న ఉన్ని ఏరి పెట్టుకున్నాడు. ముసలి మగ అల్పాకా మెడమీది నల్లది, దూది లాంటి తెల్లది, రాయి పట్టే తొట్టి అంచుకని నాగజెముడు మీది పురుగుల ఎరుపు అద్దింది కొంచెం. కన్నుల అల్లిక వేస్తానన్నాడు, వాళ్ళ తాత వేసిన అల్లిక. గాలి సోకి మంచాన పడ్డాక నేను ఆ ఉన్ని తీసి అటకమీద పెట్టేశాను, కళ్ళ ఎదురుగా ఉంటే బాధపడతాడని. లేచి నడిచిన రోజు మొట్టమొదట అడిగింది అదే.

"ఉన్ని ఏదే?"

"ఏ ఉన్ని?"

"నీ జుట్టు కాదులే. నా మనవడి ఉన్ని."

తెచ్చిచ్చాను. పాయలన్నీ ముడివేసి కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు. ఎడమ చేత్తో ఒక పాయ ఎత్తాడు, దాని జోడు పాయ ఎత్తడానికి చెయ్యి లేదు. పళ్ళతో పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. ఊళ్ళో కార్నివాల్ పండక్కి వడిసెల ఆడే పెద్ద ఆటగాళ్ళందరి నడుముకూ మీ నాన్న వడిసెలే ఉంటుంది కదా, ఆ మనిషి నోట్లో ఉన్ని పోగులు పెట్టుకుని ఉమ్ముతూ కూర్చుంటే నేను చూడలేకపోయాను. ఇంటెనక్కి పోయి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి నాకేసి చూశాడు.

"నికోలాసా, నీ చెయ్యి ఇటియ్యి."

"నాదా? ఆడదాని చెయ్యి పడితే రాయి దారి తప్పుద్దంటారు కదయ్యా!"

"పుట్టీ పుట్టకముందే వాడు ఎవర్ని కొట్టబోతాడే? ఇటియ్యి అంటుంటే."

ఇచ్చాను. ఇన్నేళ్ళు నడుం పట్టీలు నేశాను, దుప్పట్లు నేశాను, ఒక్క వడిసెల మీద చెయ్యి వెయ్యలేదు. మగ్గం ముందు కూర్చుంటే నేను రాణిని. ఆ పాయల ముందు కూర్చుంటే పలకపట్టిన పిల్లనైపోయాను. ఎదురెదురుగా కూర్చున్నాం, మోకాలికి మోకాలు తగిలించి. ఆయన ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి. వాన జోరుగా పడుతుంటే తలుపు వేసి, పొయ్యి వెలుగులోనే పని. ఆయనకి సరిగా కనబడదు, వేళ్ళతో తడిమి చెప్తాడు.

"నల్లది కుడికి."

"వేశాను."

"తెల్లది దాటించు. దాటించమంటే లాగుతావేంది? అదేమన్నా దున్నపోతా?"

"నువ్వు అరవకు, నేను లేచిపోతా."

"లేచిపోతే తాడు వేలికే ఉంది, నా కాలు కూడా తీసుకుపో."

ఇలా రోజూ కొట్లాటే. కానీ చెప్పొద్దూ, నాకు ఆ రోజులు బాగున్నాయి తల్లీ. నల్లటి తాడు మీద తెల్ల కన్ను మొదటిది పూర్తయినప్పుడు నేనే చేశానా అని మురిసిపోయాను. రాయి పట్టే తొట్టి మాత్రం నాకొదిలేశాడు, అది నేతపని కదా. నడుమ చీలిక పెట్టి, రెండు పక్కలా నువ్వు చిన్నప్పుడు ఇష్టపడే నక్షత్రాలు నేశాను. చివరి కుచ్చులు కడుతుండగానే డొనాటో హారన్ కొట్టాడు. గబగబా గుడ్డలో చుట్టి పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను. ఎటు తిరిగిందో నేను చూడలేదు. చూసినా పోల్చగలిగేదాన్ని కాదేమో. నువ్వంటే చిన్నప్పట్నుంచీ మీ నాన్న ఒళ్ళో కూర్చుని అల్లిక చదవడం నేర్చుకున్నావు. నేను ఎడమ వడిసెలలు చూసింది శవాల మీదే. మా అమ్మ ఏడుస్తుంటే, మా అన్న పోయి పడుకుంటే, ఆ కన్నీళ్ళలో తాడు ఎటు తిరిగిందని ఎవరు చూస్తారు?

అది పంపాక ఇంకోటి మొదలుపెట్టాం, ఈసారి కార్నివాల్ ఆటకి పెద్దగా ఉన్న తియోదోరో తనకోసం అడిగినది. జానెడు అల్లగానే వాన తెరిపిచ్చింది. మీ నాన్న దాన్ని తలుపు దగ్గరికి తీసుకుపోయి, మంచి కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజునుంచి తిండి లేదు, మాట లేదు. ఏమైందయ్యా అంటే ఏం లేదంటాడు. నేను చెయ్యి పెట్టినందుకు మనసు విరిగిందేమోననుకున్నాను. నాకు కోపం కూడా వచ్చింది. నువ్వే కదా అడిగావు, ఇప్పుడు మొహం తిప్పుకుంటావా అని గిన్నెలు చప్పుడు చేశాను. లోపల మాత్రం భయం. మనిషి రోజురోజుకీ కరిగిపోతున్నాడు, పక్కనున్న నాకు కారణం తెలియడం లేదు. నీకు రాయలేను, ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేను. ఆడది వడిసెల అల్లిందని తెలిస్తే తియోదోరో ముట్టడు.

అలా ఉండగా నిన్న నీ ఉత్తరం. ఇంటికి తెచ్చి, ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను. నీ ప్రశ్న దగ్గర దాటేసి, నీ ముందటి ఉత్తరంలోవే అల్పాకా ఈనిందా, అత్త మోకాలు ఎలా ఉంది అని చదువుతున్నాను. గోడవైపు తిరిగి ఉన్నవాడు అక్కణ్ణుంచే అన్నాడు.

"మధ్యలో ఏదో మింగావు."

"ఏం మింగలేదు."

"నీ గొంతు నాకు తెలీదా? చదువు."

చదివాను. నాన్న ఎప్పుడు పోయాడు అన్న మాట వచ్చేసరికి కాగితం కింద పెట్టేశాను. మీ నాన్న మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"పిల్ల సరిగానే చదివింది. నేనూ చూశాలే, తియోదోరోదాని మీద. అదిట్టా తిరిగిందంటే ముందుదీ అట్టానే తిరిగి ఉండాల. కుడికని కూర్చుంటే ఎడమకి వచ్చిందే నికోలాసా. నా చావు నా చేతులారా అల్లి, నా బిడ్డకి నేనే పంపుకున్నా. ఇంక తిని ఏం చెయ్యను?"

ఇందుకా ఈ మనిషి గోడకేసి తిరిగింది! అప్పుడు నాకేం తోచిందో, "నువ్వు కుడికి అన్నప్పుడల్లా నేను కుడికే వేశాను కదయ్యా, ఇదిగో ఇట్టా" అని ఆయన ఎదురుగా కూర్చుని నా కుడిచెయ్యి నా కుడివైపుకి ఆడించి చూపించాను. మీ నాన్న నా చెయ్యి చూశాడు. చచ్చుబడ్డ తన చెయ్యి చూసుకున్నాడు. మళ్ళీ నా చెయ్యి చూశాడు.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! ఎదురుగా కూర్చుంటే నీ కుడి నాకు ఎడమ కాదటే!"

అని మొదలుపెట్టాడమ్మా నవ్వడం. గాలి సోకిన దగ్గర్నుంచి ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు. మూతి ఒక పక్కకి పోతున్నా సరే, దగ్గొస్తున్నా సరే, కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. కుక్క లేచి మొరగడం మొదలుపెట్టింది. గోడ అవతలనుంచి బసిలియా "ఏందొదినా, ఏమైంది?" అని కేక వేసింది. మీ నాన్న, "నేను సచ్చిపోయానంట! నువ్వు ఏడ్చావో లేదో ముందు చెప్పు!" అని అరిచాడు. అది పరిగెత్తుకుంటూ వచ్చింది, మోకాలి నొప్పి ఎక్కడికి పోయిందో మరి. సంగతి విని అది కూడా కూలబడి నవ్వింది. ఇక వడిసెల రహస్యం ఊరంతా తెలిసిపోయినట్టే. ఇవాళ పొద్దున్నే తియోదోరో వచ్చి గడపలో నిలబడి, "అక్కా, నాదీ నువ్వే అల్లుతున్నావంట?" అన్నాడు. ఇంకేముంది, పరువు పోయిందనుకున్నాను. "నడుం పట్టీలో వేసే పక్షులు ఉంటాయే, వాటిని నా తొట్టి మీద వేస్తావా?" అని అడిగి పోయాడు.

నిన్న రాత్రి మీ నాన్న రెండు గిన్నెల చారు తాగాడు. ఇవాళ పొద్దున ఆయన కుడిపక్కకి వెళ్ళి ఆనుకుని కూర్చున్నాను, చచ్చుబడ్డ చెయ్యి నా వీపు వెనక్కి వెళ్ళేలా. ఇప్పుడు ఆయన కుడి, నా కుడి ఒకటే. "పెళ్ళప్పుడు కూడా ఇంత ఆనుకుని కూర్చోలేదు కదే" అంటాడు. "అప్పుడు నీకు రెండు చేతులుండేవి, అందుకని దూరంగా కూర్చున్నా" అన్నాను. ఈ ఉత్తరానికి చుట్టిన తాడు ముక్క చూడు. ఇవాళ అల్లిందే, జానెడు కూడా లేదు, కానీ కన్నులు ఎటు ఎక్కుతున్నాయో నీ వేలితో తడిమి చూడు. మీ నాన్న బతికున్నాడనడానికి అంతకంటే సాక్ష్యం నేను పంపలేను.

ఇంకో మాట. నువ్వు రావద్దన్నానని బాధపడకు, మేమే వస్తున్నాం. కార్నివాల్ అయిన మర్నాడు డొనాటో మళ్ళీ కిందికి దిగేటప్పుడు ముందు సీటు మాకే అన్నాడు. సముద్రం చూస్తే కళ్ళు తిరుగుతాయని, ఉప్పుగాలి ఒంటికి పడదని ఇన్నేళ్ళు కనుమ దాటని మనిషి, నిన్న తనే అన్నాడు, "పోదాం పద, శవాన్ని చూసి పిల్ల ధైర్యం తెచ్చుకుంటుంది" అని. అక్కడ పెద్ద డాక్టరుకి చెయ్యి కూడా చూపిద్దాం. నీ పురుడు నా చేతుల మీదే జరగాలి. మంద తియోదోరో చూసుకుంటానన్నాడు. నువ్వు గనక ఈలోపు వేరే లారీ ఏదైనా ఎక్కావా, కనుమ దగ్గర ఎదురుపడతాం, అక్కడే నీ చెవి మెలేస్తాను.

ఆ ఎడమ వడిసెలని ఏం చెయ్యాలని మీ నాన్నని అడిగాను. నా మట్టుకు నాకు పొయ్యిలో వెయ్యమని రాయాలనిపించింది. బిడ్డ ఉన్న ఇంట్లో అలాంటిది ఎందుకు? మీ నాన్న ఒప్పుకోలేదు. నేను ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. "తగలబెట్టొద్దని రాయి. గుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టమను. ఎప్పటికైనా నాకు కావాల్సిందేగా. పోయినవాళ్ళందరికీ ఎవరో ఏడుస్తా, చేతులొణుకుతా అల్లి పెడతారు. నాది మటుకు నా పెళ్ళాం నా మోకాలికి మోకాలు ఆనించి, నన్ను తిడతా అల్లింది. అంతకన్నా మంచిది నాకు ఎవడు అల్లుతాడు?"

చేతిలో ఉన్న ఉడికిన బంగాళాదుంప ఆయన మీదికి విసిరాను. ఎడమ చేత్తో పట్టుకుని, తొక్క కూడా తియ్యకుండా తినేశాడు. అయినా ఫెలీసా, ఆయన చెప్పినట్టే చెయ్యి. తగలబెట్టకు. జాగ్రత్తగా దాచు.

ఇట్లు,
ఇప్పుడు మీ నాన్నకు కుడిచెయ్యి కూడా అయిన
నీ అమ్మ.